అరచేతిలో దాసరి పురుగు

పురుగుమందు కొట్టమని రైతులకు చెప్పేశాడు వ్యవసాయాధికారి నరహరి. ఆ మాట మీద గురువుగారి ఒప్పుదల మాత్రం ఇంకా రాలేదు.

దేవరకొండ పక్క ఆముదపు చేలకు ఆకు తినే దాసరి పురుగు పట్టింది. మొక్కకు ఏడెనిమిది ఉన్నాయని పొద్దున్నే లెక్క తేల్చాడు. నలుగురు రైతులు పంపుల్లో మందు నింపుకుని గట్టు మీద నిలబడ్డారు. ఇంతలో అతని గురువు ఆండాళమ్మగారు వచ్చారు. పురుగుల చదువులో తొలితరం మనిషి, నలభై ఏళ్లుగా చేలు పట్టుకు తిరిగిన మనిషి. ఆవిడ ఒక ఆకు తుంచి చూసి, కొరికిన అంచులు ఎండిపోయి ఉన్నాయి, కొత్తగా తిన్నట్టు లేదు, కాసేపు ఆగండి అన్నారు.

"ఇంకా ఆగితే ఆకులకు ఈనెలే మిగుల్తయమ్మా," అన్నాడు వాళ్లలో ఒకడైన మల్సూరు. పోయినేడు పంట కూడా అతనికి చేతికి రాలేదు.

నరహరికి తల కొట్టేసినట్టయింది. ఇన్ని పురుగులుంటే మందు కొట్టాల్సిందేనని, పంట పోతే వీళ్ల ఉసురు మనకే తగులుతుందని గొంతు తగ్గించి చెప్పాడు. ఆవిడ ఒక పురుగును లేత ఆకుతో సహా అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు.

ఎండ నడినెత్తికొచ్చింది. పురుగు ఆకు ముట్టలేదు. పురుగుల్ని సాదుకునేటోళ్లతో మనకేం పనని రైతులు సణిగారు. ఆవిడ చేయి దించలేదు. ఈ ముసలావిడ పంతానికి వీళ్ల పంట బలైపోతోందని నరహరికి ఒళ్లు మండింది.

మల్సూరు పంపు భుజానికెత్తుకుని చేలోకి అడుగేశాడు.

అప్పుడు కదిలింది అరచేతిలోని పురుగు. దాని పొట్ట చీల్చుకుని ఇంకో బుల్లి పురుగు బయటికొచ్చి, అక్కడే దారం తీసి గూడు అల్లుకోసాగింది. లోపల ఇది పెరిగిన దాసరి పురుగు ఇక ఆకు తినదని, ఈ గూట్లోంచి చిన్న కందిరీగ వస్తుందని, అది మిగిలిన దాసరి పురుగుల్లో గుడ్లు పెడుతుందని, మందు కొడితే అదీ చస్తుందని ఆవిడ మల్సూరుకు చెప్పారు.

నరహరి చేలోకి పరుగెత్తాడు. ఒక్కో పురుగునూ వెల్లకిలా తిప్పి చూశాడు. పదింట ఎనిమిదింటి పొట్ట కింద అలాంటి గూళ్లే. పొద్దున ఇవే పురుగుల్ని పైనుంచి లెక్కపెట్టి వెళ్లాడు.

వెనక్కి వచ్చేసరికి మల్సూరు పంపు దించేశాడు. ఆండాళమ్మగారు తిమ్మిరెక్కిన చేతిని ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు.

"మీకు ముందే తెలుసా మేడమ్?"

"తెలిస్తే ఇంతసేపు ఎందుకు నిలబడతాను నాయనా?"