గండికి అడ్డంగా పడుకున్న దున్న

తుంగల మడుగు ఎంతదంటారా? ఈ ఒడ్డున ఎగిరిన కొంగ ఆ ఒడ్డు చేరేసరికి ముసలిదైపోయేది! ఎగువ వాగులోంచి నీళ్ళు వచ్చేవి, దిగువ గండిలోంచి పోయేవి. ఆ రాకపోకల మీదే చేపలు, కప్పలు, పిట్టలు, తామరలు బతికేవి. అక్కడొక దున్నపోతు. అది ఒళ్ళు విరుచుకుంటే మబ్బు పట్టిందనుకుని ఊళ్ళో ఆడవాళ్ళు ఎండబెట్టిన వడియాలు ఎత్తేసేవారు. నమ్మరా? దాని కొమ్ముల మధ్య చాప పరుచుకుని కునుకు తీసినవాణ్ణి నేను!

ఆ దున్నకు మడుగులోని బొచ్చెచేప అంటే ప్రాణం. "అన్నా" అని పిలిచేది మరి. కిందటి ఎండల్లో బొచ్చె తోడబుట్టినవన్నీ బురదలో ఎండి చచ్చాయి. అది తలుచుకుని దున్న కుమిలిపోతుంటే నక్క పక్కన చేరింది. పారే నీటిలో ఒక్క చేపనైనా పట్టలేని నక్క అది.

"బావా, ఉన్న నీళ్ళన్నీ గండిలోంచి పోతుంటే చూస్తూ కూర్చుంటావేం? నీ చెల్లెలూ ఎండిపోవాలా?"

"నన్నేం చెయ్యమంటావ్?"

"నీకు చేతనైందే. పడుకో. కాకపోతే ఆ గండిలో పడుకో."

తొలకరికి దున్న వెళ్ళి గండికి అడ్డంగా పడుకుంది. తుంగ, మట్టి కొట్టుకొచ్చి దాని వీపుకు కరుచుకున్నాయి. నీళ్ళు పెరిగి పిట్టల గూళ్ళు మునిగాయి. ఎగువ వాగు ఎదురు తన్ని నిలిచిపోయింది. నెల తిరక్కుండా మడుగంతా గుర్రపుడెక్క కప్పేసింది. దున్న మూతి దిగువకు, వీపు మడుగుకు. దానికేం తెలుసు?

గుడ్లతో బరువెక్కిన బొచ్చె, దున్న వీపు దగ్గరికి వచ్చింది. "అన్నా, లే. నీళ్ళు నడవడం లేదు. కొత్తనీటికి ఎదురెక్కితేనే నా గుడ్లు పడతాయి. ఊపిరి కూడా ఆడటం లేదు."

"పిచ్చిదానా, ఈ నీళ్ళన్నీ నీకోసమేగా! హాయిగా ఈదుకో," అంది దున్న.

"కడుపుతో ఉంది బావా, ఏదో ఒకటి అంటుంది. పట్టించుకోకు," అంది నక్క.

నాలుగు రోజులు గడిచాయి. నక్క వచ్చి దున్న మొహం ముందే తేన్చింది. గుప్పున చేపల కంపు!

"ఒక్క చేపను పట్టడం చేతకానివాడివి, ఇన్నెక్కడివిరా?"

"నువ్వు పెట్టిన విందే బావా! ఊపిరాడక వాటంతటవే ఒడ్డుకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం కదా! దున్న మెడ తిప్పి చూసింది. డెక్క సందుల్లో అన్నీ తెల్లటి పొట్టలు. ఒక్క ఉదుటున లేచింది. నూరు ఏనుగుల్లా దూకిన నీళ్ళు నక్కను ఈడ్చుకుపోయి ఏకంగా సముద్రంలో కలిపాయి.

ఇక్కణ్ణుంచి పెంచి చెప్పడానికి నాకు నోరు రాదు. పారే నీరు తగలగానే బొచ్చె కదిలింది. ఎగువకు తిరిగింది. బారెడు దూరం ఈదింది, అంతే. గుడ్ల కడుపుతోనే వెల్లకిలా తిరిగి, దున్న కాళ్ళ సందులోంచి దిగువకు కొట్టుకుపోయింది.

"చెల్లీ, నీళ్ళు నడుస్తున్నాయి చూడవే," అంటూనే ఉంది దున్న.

పోయే నీటికి దారి విడిచిన మడుగులోనే బతుకు నిలుస్తుంది.