గ్లాసు అడుగున మట్టి

"సారూ, ఒంట్ల శత్రువున్నడని తెలిసినంక చేతులు కట్టుకొని కూసునుడు పిరికితనం కాదా?"

ఓదెలు సారు ఇంటి ముందర నిలబడి అడిగినవాడు రాజలింగం. అరవై ఒకటో ఏడు. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి. అందులో ఇరవై ఏళ్ళు డిపో యూనియన్‌కు ముందు నిలబడి, మైకు లేకుండానే రోడ్డు అవతలికి వినిపించేలా నినాదాలిచ్చాడు. ఆ గొంతు ఆ పొద్దున సన్నగా వచ్చింది. చంకలో ప్లాస్టిక్ కవరు. ఆరు రోజులుగా ఆ కవరును అతను వదల్లేదు. భార్య భాగ్యమ్మ అడిగితే షుగరు కాగితాలన్నాడు.

అవి షుగరు కాగితాలు కావు. ప్రొస్టేట్ గ్రంథిలోంచి తీసిన ముక్కల్లో క్యాన్సరు ఉందని చెప్పే కాగితాలు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ వాటిని రెండుసార్లు చదివి, "చిన్నది, నెమ్మదైనది, గ్రంథి దాటలేదు. ఇప్పుడే కోయనక్కర్లేదు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఏడాదికి మళ్ళీ ముక్కపరీక్ష. పెరుగుతున్నట్టు కనబడితే ఒక్క రోజు ఆలస్యం చెయ్యను" అంది. కోస్తే మూత్రం మీద పట్టు తప్పవచ్చనీ, మగతనం పోవచ్చనీ కూడా దాచకుండా చెప్పింది. రాజలింగానికి ఆ మాటలు చెవికెక్కలేదు. మరునాడు ఒక అద్దాల ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ గోడంత బోర్డు మీద పిడికిలి బిగించిన మనిషి బొమ్మ. కింద, క్యాన్సరుపై గెలుపు మనదే అని రాసి ఉంది. లోపలివాళ్ళు కాగితాలను ఒక్కసారే చూసి, "సోమవారం చేరండి, తీసిపారేద్దాం" అన్నారు. ప్రతి జబ్బునూ యుద్ధమని, ప్రతి రోగినీ సైనికుడని పిలిచేచోట, ఆగి చూద్దామన్న డాక్టరు ద్రోహిలాగే కనబడుతుంది. రాజలింగం సోమవారానికి పేరు రాయించుకున్నాడు. సారు దగ్గరికి వచ్చిన ఈ రోజు శనివారం.

ఓదెలు సారు ఒకప్పుడు డ్రైవర్లను రాత్రిబడిలో కూర్చోబెట్టి అర్జీ రాయడం నేర్పిన పంతులు. ఎనభైకి దగ్గరపడ్డాడు. ఆయనకో అలవాటు ఉంది: ప్రశ్న బరువైనదైతే జవాబు చెప్పడు, చెప్పులేసుకుంటాడు.

"రాజీ లేని పోరాటమని మీరే గద నేర్పింది" అన్నాడు రాజలింగం, ఆయన చెప్పుల వైపు చూస్తూ.

"సమ్మె కూడా నోటీసిచ్చే జేసినవు గదరా" అన్నాడు సారు. "నడువు, చెరువుకట్ట మీదికి పోదాం."

మూడు రోజులు ముసురు పట్టి అప్పుడే తెరిపిచ్చింది. ఊరి పెద్దచెరువు నిండి, మత్తడి మీంచి అదనపు నీళ్ళు దూకడానికి జానెడు తక్కువగా ఉంది. కట్టకు బయటివైపు, అడుగున, గడ్డిలోంచి వేలంత లావున నీళ్ళు ఊరుతున్నాయి. ఆ తడి చుట్టూ ఎవరో తంగేడు పుల్లలు గుచ్చారు. కట్ట మీద ఇసుక బస్తాల వరుస, ఒక గడ్డపార, ఊరిని పిలవడానికి ఒక డప్పు. దూరంగా తూము దగ్గర నీరటి మొండయ్య నీటిమట్టం చూసుకుంటున్నాడు. చెరువును కాచేది అతనే, అతని తండ్రి కాచిందీ అదే.

ఊటను చూడగానే రాజలింగం కళ్ళు దిగువకు పోయాయి. కట్ట కింద మడిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు నాట్లేస్తున్నారు. వాళ్ళ నెత్తి మీద అంత చెరువు. "సారూ, కట్టకు బొక్క వడ్డది! గీ నీరటాయన పుల్లలు గుచ్చి పోయిండేంది?" అంటూ సారు వద్దనేలోపే గడ్డపార అందుకొని దిగాడు. బొక్క ఎక్కడిదాకా ఉందో తెలుసుకొని బంకమట్టి కూరుదామని ఊట నోట్లో పొడిచాడు. ఒకసారి, రెండుసార్లు. అంతవరకూ తేటగా ఉన్న నీళ్ళు ఎర్రగా మారాయి.

"ఆపు! ఓ డ్రైవర్ సాబ్, ఆపు!" మొండయ్య తూము దగ్గర్నుంచి ఉరికొచ్చి గడ్డపార గుంజుకున్నాడు. ఊట ముందు చతికిలబడి ఆ ఎర్రనీళ్ళ వంక చూశాడు. తిట్టనైనా తిట్టలేదు. "ఇది కట్ట లోపలి మట్టా, నువ్వు పొడిచిన మట్టా? ఇప్పుడు నాకెట్ల తెలువాలె?"

రాజలింగం వట్టి చేతులతో పక్కకు జరిగాడు.

"ప్రతి కట్టా ఊరుతది, సాబ్. తేటనీళ్ళొస్తే కట్ట ఉన్నట్టే. మట్టి తెచ్చుకుంట వస్తేనే లోపల కోస్తున్నట్టు. బయట మూతి బిగిస్తే ఇంకో దిక్కు పొడుచుకొస్తది." మొండయ్య నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి స్టీలు గ్లాసు తీసి ఊట కింద పట్టాడు. రాయి మీద కదలకుండా పెట్టాడు. నీళ్ళు తేరుకున్నాక అడుగున వేలు మందాన ఎర్రమట్టి.

"డప్పు కొట్టవా?" రాజలింగం అడిగాడు.

"ఇంకో గ్లాసు చూస్త."

అట్లా కూర్చున్నారు ముగ్గురూ. ముప్పై రెండేళ్ళలో ఏ ఘాట్ రోడ్డు మలుపులోనూ రాజలింగం అట్లా చేతులు కట్టుకొని కూర్చోలేదు. చెయ్యడానికి ఏమీ లేకపోవడం అతను ఎరగని పని. లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, కవరు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. రెండో గ్లాసులో మట్టి సగమే ఉంది. సగం అంటే మంచిదా చెడ్డదా అని అడిగాడు. సగం అంటే సగమే అన్నాడు మొండయ్య.

"మడిల పనిజేసెటోళ్ళకన్న చెప్పొద్దా?" అన్నాడు రాజలింగం.

"పొద్దుగాలనే చెప్పిన. ఊటున్నదని అందరికీ తెలువాలె. తెలిస్తేనే గద, రేపు డప్పు కొడితే బస్తాలు మొయ్యనీకి ఉరికొస్తరు. దాసిపెట్టి నేనొక్కణ్ణి ఎన్ని మోస్త?"

మడిలోంచి ఒకామె నడుము ఎత్తి అరిచింది. "ఓ మొండన్నా! కావలి గాస్తున్నవా, కునుకు దీస్తున్నవా?"

"నేనీడ కూసుంటెనే నువ్వాడ నాటేస్తున్నవు, మల్లక్కా!"

ఆడవాళ్ళు నవ్వారు. మళ్ళీ వంగారు. రాజలింగం వాళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. ఊట సంగతి తెలిసీ, వాళ్ళు నారుకట్టలు ఒక్కొక్కటే విప్పి నాటేస్తున్నారు.

మూడో గ్లాసు పట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మొండయ్య తేరిన నీళ్ళను మెల్లగా వంచేసి, అడుగున వేలు రాశాడు. వేలిని ఎండకు పెట్టి చూసి, గ్లాసు రాజలింగం ముందుకు జరిపాడు. రాజలింగం కూడా వేలు పెట్టి చూశాడు. ఆ వేలికి తడి తప్ప ఏమీ అంటలేదు. పుల్లల బయటికి తడి పాకలేదు.

"రేపు ఎర్రగొస్తే?"

"గదిగో డప్పు, గవిగో బస్తాలు. చెరువు దిక్కు నుంచి ఏస్తం. ఒక్క గడియ ఆగం."

"నీకు భయం గాదా, మొండన్నా?"

"ఎందుకు గాదు! భయమైతది గనుకనే పొద్దుమాపు వస్త. భయం లేనోడు ఇంట్ల పండుకుంటడు."

రాజలింగం పుల్లల వరుసను ఇంకోసారి చూశాడు. తర్వాత కవరును ఒళ్ళో పెట్టుకొని ఫోను తీశాడు. "భాగ్యా, అవి షుగరు కాగితాలు గావు. ఇంటికొచ్చి అన్నీ చెప్త... లేదు, లేదు, ఏడవకు. సోమవారం ఇద్దరం కలిసి డాక్టరమ్మ తానికి పోదాం. పరీక్ష తారీకు రాయించుకోవాలె." అతని గొంతు ఇంకా సన్నగానే ఉంది. ఫోను జేబులో పెట్టుకొని సారు వైపు తిరిగాడు. "నేనడిగినదానికి మీరేం చెప్పకపోతిరి, సారూ."

ఓదెలు సారు అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

"ఆ గ్లాసు కడిగియ్యి" అన్నాడు. "మాపటికి ఆయనకు మళ్ళ గావాలె."