ఉప్పు తెలియని వంటవాడు

డెబ్బై దాటాక దస్తగిరి నాలుకకు చవి చచ్చిపోయింది. మొదట తీపి పోయింది, తర్వాత పులుపు. చివరికి ఉప్పు కూడా.

కొండమీది దర్గాలో, వచ్చినవాళ్లందరికీ మధ్యాహ్నం అన్నం పెడతారు. నలభై ఏళ్లుగా ఆ వంట దస్తగిరిదే. పుల్లటి పప్పుకూర దాల్చా దించేముందు ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూసేవాడు. ఇంకొకరిని రుచి చూడనిచ్చేవాడు కాదు, ఎలా ఉందని అడిగేవాడూ కాదు. తను సరే అంటే సరే.

ఆ శుక్రవారం దాల్చాలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ నోరెత్తలేదు. విస్తళ్లు తీసేటప్పుడు చూస్తే సగం అన్నం అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే గురువు దగ్గరికి వెళ్లాడు. ఒకప్పుడు అతనికి ఆ పొయ్యి అప్పగించింది ఆయనే.

"పీర్ సాబ్, నా నాలుక పనికిరాకుండా పోయింది. ఆకలితో వచ్చినవాళ్లకు ఉప్పునీళ్లు పోశాను. నన్ను పంపించెయ్యండి."

"ఈ పూటకు వండు," అన్నారాయన.

వండాడు. భయం భయంగా ఉప్పు చిటికెలతో వేశాడు. వడ్డన మొదలవగానే పీర్ సాబ్ అతని చేతిలోని గరిటె తీసుకున్నారు. బంతి చివర ఖాళీ చూపించి, "కూర్చో," అన్నారు.

దస్తగిరి ఏనాడూ బంతిలో కూర్చోలేదు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేవాడు. గురువు వంగి తన విస్తట్లో దాల్చా పోస్తుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది. అంతే.

పక్కన ఒక మేకల కాపరి ముసలమ్మ తింటోంది. ఆమెనే చాలాసేపు చూశాడు. ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"అక్కా, ఉప్పు సరిపోయిందా?"

ఆమె ఇంకో ముద్ద తిని చూసింది. "రవ్వంత తగ్గింది సాయిబూ. పులుపు మాత్రం ఎంత బాగా కుదిరిందో! మా అమ్మ ఇట్లే చేస్తా ఉండె."

దస్తగిరికి కళ్లు చెమర్చాయి. లేచి ఉప్పు గిన్నె తెచ్చాడు. ఆమెకు వేసి, పక్కవాళ్లనూ ఒక్కొక్కరినీ అడిగాడు. "చాలా? ఇంకొంచెమా?" ఆ పూట ఏ విస్తట్లోనూ మెతుకు మిగల్లేదు.

బంతి లేచాక గురువు ముందు నిలబడ్డాడు.

"అల్లా నా నాలుక తీసుకున్నాడని ఏడ్చాను, పీర్ సాబ్."

ఆయన బయట చేతులు కడుక్కుంటున్నవాళ్ల వైపు చూశారు.

"ఒక్క నాలుకేగా తీసుకుంది," అన్నారు.