సీలు వేసినవాడు

వేములకొండ జమీందారు కారులో నూనె పొగ దొరసానికి పడలేదు. ఇంజను ఆ పొగ వదిలే గొట్టాన్ని ఆయన సీసం పోయించి మూయించాడు. ఆనాటి నుంచి ఇంజను ఇరుసైన క్రాంకు షాఫ్టు చివర ఆయిలు కారసాగింది.

ఆయిలు బయటికి రాకుండా మెకానిక్ సైదులు అక్కడ కొత్త ఆయిల్ సీలు వేశాడు. అదీ కారింది.

"గొట్టం మూసేస్తే లోపలి ఆవిరికి దారి లేదు దొరా. సీలును తోసుకుని వస్తోంది," అన్నాడు.

"నా పనికే వంకలా? కారడం ఆగేదాకా, సీలు వేసినవాడు కోట గడప దాటకూడదు. ఇది ఆజ్ఞ."

ఏడాదిలో తొమ్మిది సీళ్లు వేశాడు సైదులు. తల్లిలేని పిల్లలిద్దరూ బందరులో అతని చెల్లెలి దగ్గరున్నారు. చిన్నదానికి తట్టు పోసి తగ్గిన సంగతి కూడా నెల తర్వాత ఉత్తరంలోనే తెలిసింది. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "లోపం నా చేతిలోనే ఉంది దొరా. తమరొకటి వేసి చూపిస్తే నేర్చుకుంటాను."

జమీందారు పొంగిపోయాడు. సైదులు అన్నీ విప్పిపెట్టాక, అందరూ చూస్తుండగా సీలు తనే బిగించాడు. కారు ఊరు చుట్టి వచ్చేసరికి కింద మడుగు కట్టింది.

"ఈ సీలు వేసింది తమరు," అన్నాడు సైదులు నెమ్మదిగా.

దివాను గొంతు సవరించుకున్నాడు. "మరి రేపు కలెక్టరుగారి విందుకు దొరవారు..."

"ఆ ఆజ్ఞ రద్దు," అన్నాడు జమీందారు.

సైదులు ఆ పూటే బయల్దేరి, మూడో రోజు బందరు చేరాడు. గుమ్మంలో చేతులు చాచాడు. చిన్నది మేనత్త వెనక్కి జరిగి, "ఎవరత్తా ఈయన?" అని అడిగింది.