మొండయ్య దిగమింగిన దగ్గు

తాటిచెట్లు ఇప్పటికన్నా పొడుగ్గా ఉండేవట ఆ కాలంలో. ఆ చెట్లెక్కి కల్లు గీసే మొండయ్య అని ఒకాయన ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి.

ఒకనాడు చెట్టు మీదుండగా నడుముకు కట్టుకున్న మోకు తెగి కింద పడ్డాడు. పక్కటెముకలు విరిగాయి. పెంకుల దవాఖానలో కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు.

కల్లు గీసేవాళ్లకు ఒక పట్టింపు ఉండేది. చెట్టు మీంచి పడ్డవాడు మూలగకూడదు, దగ్గకూడదు. చెట్టు వింటుందట. విన్నదంటే ఆ ఇంటివాళ్లను ఇక ఎక్కనివ్వదట. కిటికీలోంచి చూస్తే తాటిచెట్టే కనిపించేది. ఇంట్లో చిన్న తమ్ముడు ఓదెలున్నాడు. ఆ చెట్లే వాడి బతుకు.

పొద్దున నర్సమ్మ వచ్చింది.

"దగ్గు మొండయ్యా. లోపల నెమ్ము చేరుతది."

మొండయ్య దగ్గలేదు.

మధ్యాహ్నం వచ్చి కోప్పడింది. మొండయ్య దగ్గలేదు. సాయంత్రం వచ్చి బతిమాలింది. మొండయ్య కిటికీ వైపు చూసి పెదాలు బిగించాడు. దగ్గితే ఎముక పొడుస్తుంది, నిజమే. ఆయన ఆపుకున్నది మాత్రం నొప్పికి కాదు, తమ్ముడి కోసం. ఊపిరితిత్తుల నిండా నెమ్ము చేరి మొండయ్య పోయాడు. తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే, ఏడుపు కూడా వస్తుంది.

మనిషిని తీసుకుపోయారు. దగ్గు ఆ మంచం దగ్గరే ఉండిపోయింది.

కొన్నేళ్లకు ఓదెలూ చెట్టు మీంచి పడ్డాడు. అవే ఎముకలు, అదే మంచం. వాడూ పెదాలు బిగించాడు. జ్వరం పట్టుకుంది, ఊపిరి గురగురమంటోంది. నర్సమ్మ ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపాడు.

పట్టపగలు, వార్డంతా జనం. మంచం కింద ఎవరో దగ్గారు. వంగి చూస్తే ఎవరూ లేరు. కాసేపటికి కిటికీ దగ్గర దగ్గారు. అక్కడా ఎవరూ లేరు. మూడోసారి ఓదెలు చెవి పక్కనే దగ్గారు. పుల్లటి కల్లు వాసన వచ్చింది. కాయలు కాసిన చల్లటి చెయ్యి ఒకటి వాడి డొక్క మీద ఆనింది.

"దగ్గు తమ్మీ. నేను పట్టుకున్న."

"చెట్టు ఇంటదన్నా."

"చెట్టుకు చెవుల్లేవు తమ్మీ. సచ్చినంక తెలిసింది."

ఓదెలు ఏడుస్తూ దగ్గాడు. నెమ్ము ఊడిపడింది. బతికాడు, మళ్లీ చెట్టెక్కాడు.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో ఎవరి పక్కటెముక విరిగినా, ఇంటివాళ్లు తువ్వాల మడతపెట్టి డొక్కకు ఆనిస్తారు. "మొండన్నా, పట్టుకో" అంటారు. రోగి దగ్గుతాడు. ఒక్కోసారి పక్కనున్న ఖాళీ మంచం మీంచి ఇంకో దగ్గు వినిపిస్తుంది. ఎవరూ అటు తిరిగి చూడరు.

"దగ్గన్నా, దగ్గు" అని మాత్రం అంటారు.