ఒళ్ళు విరుచుకున్న నీళ్ళు

మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో ఒక రాజు ఉండేవాడు. ఎండలు మండిపోయే దేశం ఆయనది. ఆయనకి ముగ్గురు కొడుకులు: భద్రసేనుడు, వీరసేనుడు, సోమదత్తుడు.

ఏడు సముద్రాల అవతల కరకచండుడనే మాంత్రికుడు తరంగిణి అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయి దాచాడు. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతానని నడిపివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిన్నవాడు సోమదత్తుడికి అన్నం సయించలేదు. "అన్నలు లేని ఇంట్లో నేనెట్లా ఉండనమ్మా" అని బయలుదేరాడు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. కొడుకు దూరం వెళుతుంటే తల్లి ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి, మూతపెట్టి, లక్కతో అతికించి ఇస్తుంది. చెంబులో వెలితి ఉంటే బతుకులో వెలితి ఉంటుందట. రాణి గోరంత సందు కూడా లేకుండా నింపి ఇచ్చింది.

ఒక సముద్రం దాటాడు, గాలి వెచ్చగా ఉంది. మూడు దాటాడు, గాలి చల్లబడింది. ఆరు దాటాడు, నోటి ఆవిరి పొగలా కనిపించింది. ఏడూ దాటేసరికి లోకమంతా తెల్లగా, చప్పుడు లేకుండా, కలలోలా ఉంది. ఒక సరస్సు ఒడ్డున కునుకు తీసి లేచి చూస్తే చెంబు నిలువునా పగిలి ఉంది. లోపల నీళ్ళు రాయిలా ఉన్నాయి. పాపం, మంచుగడ్డ అతనెప్పుడు చూశాడు గనక. అపశకునమనుకుని కూర్చుని ఏడ్చాడు.

సరస్సు మీద పరుచుకున్న మంచుపలకలో చిన్న కన్నం ఉంది. అందులోంచి ఒక ముసలి చేప తల ఎత్తింది.

"ఎందుకు నాయనా ఏడుపు?"

"మా అమ్మ ఇచ్చిన చెంబు ఎవరో పగలగొట్టారు."

"ఎవరూ కాదు, నీళ్ళే. చలికి నువ్వూ నేనూ ముడుచుకుంటాం. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు మాత్రం ఒళ్ళు విరుచుకుంటాయి. చోటు లేకపోతే చోటు చేసుకుంటాయి. అట్లా విరుచుకుని తేలికై పైకి తేలతాయి గనకే, ఈ కప్పు కింద మేం బతికున్నాం."

సోమదత్తుడు కళ్ళు తుడుచుకుని మాంత్రికుడి కోటకి వెళ్ళాడు. గుమ్మానికి అటొకరు ఇటొకరు, అన్నలిద్దరూ మంచుబొమ్మలై నిలబడి ఉన్నారు. అతని గుండె చెరువైంది.

"మూడు పనులు చేస్తే ముగ్గురినీ ఇస్తాను. ఒక్కటి తప్పినా గుమ్మంలో మూడో బొమ్మవి నువ్వే" అన్నాడు కరకచండుడు. "మొదటిది, జల్లెడతో నీళ్ళు తేవాలి. మీ అన్నలిద్దరూ ఇక్కడే బోల్తాపడ్డారు."

సోమదత్తుడు ముసలి చేపని అడిగాడు. "మా ఇంటి కప్పులో ఒక పెంకు తీసుకుపో" అంది చేప. జల్లెడ నిండా మంచుముక్కలు తెచ్చి మాంత్రికుడి పొయ్యి దగ్గర గంగాళంలో బోర్లించాడు. అవి కరిగి నీళ్ళయ్యాయి.

"రెండోది, ఈ కుండెడు సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు వేరే, మంచినీళ్ళు వేరే చేసి ఇవ్వాలి."

ఈసారి వంటింట్లోంచి తరంగిణి నెమ్మదిగా చెప్పింది. "అయ్యా, రోజూ వంట చేసేదాన్ని నేను. ఎసరు కాగాక మూత తిప్పి చూశావా ఎప్పుడైనా?" అతను నీళ్ళు కాచాడు. మూతకి పట్టిన చెమటని గిన్నెలోకి వంచుతూ పోయాడు. గిన్నెలో తియ్యటి నీళ్ళు మిగిలాయి, కుండ అడుగున తెల్లటి ఉప్పు మిగిలింది.

మాంత్రికుడి మొహం మాడింది. "మూడోది, అదుగో ఆ నల్లబండని ఇనుము తగలకుండా పగలగొట్టు. మూడు రోజులే గడువు" అన్నాడు. నూరు ఏనుగులు కుమ్మినా చెక్కు చెదరని బండ అది. ఆ ధీమాతోనే అన్నాడు. మాంత్రికుడి ప్రాణమున్న చిలక ఆ బండ కడుపులోనే ఉందని చేప అంతకుముందే సోమదత్తుడి చెవిన వేసింది.

సోమదత్తుడు బండ చుట్టూ తిరిగాడు. పైన వెంట్రుకవాసి పగులు కనిపించింది. ఇత్తడిని చీల్చిన నీళ్ళు రాతిని వదులుతాయా అనుకున్నాడు. తరంగిణి కాచిన నీళ్ళు అందులో నిండుగా పోసి, చెక్కముక్క బిగించి, లక్కతో మూశాడు. తెల్లారేసరికి పగులు వేలెడయింది. మళ్ళీ పోశాడు, జానెడయింది. మళ్ళీ పోశాడు, బండ రెండు చెక్కలైంది.

పచ్చటి చిలక ఎగిరొచ్చి అతని ముంజేతి మీద వాలింది. కరకచండుడు పరుగున వచ్చి, "బాబ్బాబు, దాన్ని చంపకు" అని కాళ్ళమీద పడ్డాడు.

"నాకు చిలకతో పగేమిటి? మా అన్నల్ని నాకివ్వు" అన్నాడు సోమదత్తుడు.

చిలక మెడ తిప్పి మాంత్రికుణ్ణి చూసింది. "నూరేళ్ళు చీకట్లో పెట్టావు. ఇక నీ దగ్గర ఉండను" అని ఎండ ఉన్న దిక్కుకి ఎగిరిపోయింది. అది దూరమయ్యేకొద్దీ మాంత్రికుడి మంత్రాలు జారిపోయాయి. చివరికి చలికి వణికే ఒక ముసలివాడు మిగిలాడు.

గుమ్మంలో అన్నల వేళ్ళ చివర్ల నుంచి ఒక్కో బొట్టే రాలసాగింది. సోమదత్తుడు ఇద్దరినీ వాటేసుకుని, తన ఒంటి వెచ్చదనమంతా ఇస్తూ పొద్దు వాలేదాకా అట్లాగే ఉన్నాడు. పెద్దన్న కళ్ళు తెరిచి, "చాలాసేపు నిద్రపోయానా చిన్నోడా?" అన్నాడు.

"లేదన్నా, కొంచెంసేపే" అని అబద్ధమాడి, సోమదత్తుడు భోరున ఏడ్చాడు.

ఇంటికి చేరాక సోమదత్తుడికీ తరంగిణికీ పెళ్ళయింది. రాజ్యం ఎవరిదని రాజు అడిగితే, మాకు ప్రాణం పోసినవాడిదేనని అన్నలిద్దరూ అన్నారు. ముసలివాణ్ణి కూడా వెంట తెచ్చి ఊరి బాటన చలివేంద్రంలో కూర్చోబెట్టారు. మండుటెండలో ఎవరొచ్చినా కాదనకుండా నీళ్ళు పోసేవాడు. సోమదత్తుడు తలనెరిసేదాకా రాజ్యమేలాడు, ఆ ఏలుబడిలో దాహంతో చచ్చినవాడు ఒక్కడూ లేడు.