గుమ్మం పక్క చోటు

అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు విరూపాక్షయ్య మాస్టారికి లేదు. ఆదోనిలో మందాకిని అడిగిన ప్రశ్నకి ఆయన ఉజ్బెకిస్తాన్‌లో జవాబిచ్చారంటే చూసుకోండి.

మందాకిని ఆయన దగ్గర జానపద కళలు చదువుకుంటున్న పిల్ల. కాలేజీ వాదపోటీల్లో ఎదుటివాళ్ళకి మూడు చెరువుల నీళ్ళు తాగించే రకం. "బయటివాళ్ళు ఒక ఇంటి ఆచారాన్ని లోపలినుంచి తెలుసుకోగలరా, లేరా? ఒక్క మాటలో తేల్చండి మాస్టారూ," అంది.

"పాస్‌పోర్టు ఉందా?" అన్నారాయన.

అలా నురాతా కొండల్లో, వాగు పక్కన, అక్రోటు చెట్ల మధ్యనున్న రాతిగోడల ఊళ్ళో తేలారిద్దరూ. మాస్టారు పదకొండేళ్ళుగా ఏటా వెళ్ళే ఇల్లే. ఇంటిపెద్ద హోల్‌బీబీ అవ్వ. అక్కడ భోజనానికి నేలమీద గుడ్డ పరుస్తారు. గుమ్మానికి ఎంత దూరంగా కూర్చోబెడితే అంత గౌరవం. గుమ్మం పక్కన ఉండేది టీ పోసే ఇంటివాళ్ళు. గురుశిష్యులకి చిట్టచివరి గోడ దగ్గర పట్టుపరుపులు వేశారు. మందాకిని మురిసిపోయి పుస్తకం నిండా రాసుకుంది.

కానీ మనసంతా పెరట్లోని తందూరు మీదే. తన చేత్తో ఒక్క నాన్ అయినా కాల్చకుండా ఊరు దాటనని పంతం. రోజూ పెరట్లోకి వెళ్ళేది. అవ్వ నవ్వుతూ చేతిలో టీ గిన్నె పెట్టి, పరుపు చూపించేది. ఒకరోజు మందాకిని నాన్‌ని బోర్లా పెట్టింది. అక్కడ అది మహా అపచారం. అవ్వ అప్పుడూ నవ్వుతూనే దాన్ని తిప్పి పెట్టింది. "ఎంత సహనమో!" అని రాసుకుంది మందాకిని.

ఐదోరోజుకి ఓపిక చచ్చిపోయింది. "చూస్తే చాలదు అవ్వా, చేస్తేనే చదువు! కాదనండి, వాదిస్తాను!" మాస్టారు ఒక్క ముక్క పోకుండా అనువదించారు. అవ్వ శ్రద్ధగా అంతా విని, ఎండు ఆప్రికాట్ల పళ్ళెం ఆమె ముందుకి జరిపింది.

ఆరోరోజే ఆఖరిరోజు. పక్కింట్లో పెళ్ళి. అవ్వ పెరట్లో ఆడవాళ్ళంతా చేరి నూటయాభై నాన్‌లకి పిండి ఒత్తుతున్నారు. అవ్వతో కలిసి తందూరు చూసే కోడలు గుల్‌చెహ్రా నీళ్ళకని వాగుకి వెళ్ళింది. తందూరు సరిగ్గా కాగింది, బల్లనిండా ఒత్తిన పిండి పొంగిపోతోంది, అవ్వకేమో ఉన్నవి రెండు చేతులు. మందాకిని ఎవర్నీ అడగలేదు. చున్నీ నడుముకి బిగించి, ఒక రొట్టె అందుకుని, వంగి, తందూరు గోడకి ఫట్‌మని కొట్టింది.

అంటుకుంది! ఒక్క క్షణం లోకాన్ని గెలిచినంత సంబరం. మరుక్షణం రొట్టె జారి నిప్పుల్లో పడింది. కొట్టేముందు అడుగుభాగం తడపాలన్న సంగతి ఆరు రోజుల పుస్తకంలో ఎక్కడా లేదు.

అప్పుడు తెరిచింది అవ్వ నోరు! పెరడంతా గొల్లున నవ్వింది.

"ఏమంటోంది మాస్టారూ?" అని అరుగుమీదున్న ఆయన్ని అడిగింది మందాకిని.

"అవి చేతులా, గాడిద డెక్కలా అంటోంది. ఆ తర్వాతది నేను చెప్పను."

తిడుతూనే అవ్వ తన దూది తొడుగు తీసి మందాకిని చేతికి తొడిగింది. మెడ పట్టి వంచింది. తడపమని గద్దించింది, కొట్టమని అరిచింది. రెండో రొట్టె నిలిచింది. మధ్యాహ్నానికి నలభై నిలిచాయి. ఒక కనుబొమ్మ కొస కాలింది, ముక్కుమీద పిండి, అయినా పిల్ల నవ్వు ఆగలేదు.

భోజనానికి గుడ్డ పరిచారు. మందాకిని అలవాటుగా చివరి గోడవైపు నడవబోతే అవ్వ జబ్బ పట్టి ఆపింది. గుమ్మం పక్కన, గుల్‌చెహ్రా మోకాలికి మోకాలు తగిలేలా కూలేసి, టీ కూజా చేతికిచ్చింది.

మందాకిని మొహం వాడిపోయింది. మాస్టారికి టీ అందిస్తూ గొణిగింది: "ఒక్క రొట్టె మాడ్చినందుకు ఇంత శిక్షా? ఉన్న గౌరవం కాస్తా పోయింది మాస్టారూ."

మాస్టారు గుమ్మంవైపు చూశారు. అక్కడ ఆడవాళ్ళు గాడిద డెక్కల సంగతే మళ్ళీ చెప్పుకుని ఒకరిమీద ఒకరు పడి నవ్వుతున్నారు. "త్వరగా రా" అన్నట్టు గుల్‌చెహ్రా ఖాళీగా ఉన్న ఆ జానెడు చోటుని అరచేత్తో తడుతోంది.

ఆయన తన కింది పట్టుపరుపుని ఒకసారి నిమిరారు.

"పదకొండేళ్ళుగా వస్తున్నానమ్మా," అన్నారు. "నన్నింకా ఇక్కడే కూర్చోబెడుతున్నారు."